ఖాళీ అని పట్టాలే చెప్పాలి

వనపర్తి రోడ్ స్టేషన్ వనపర్తిలో లేదు, ఊరికి దూరంగా మదనాపురంలో ఉంది. రైల్వే వాళ్లు స్టేషన్ పేరు పక్కన ‘రోడ్’ అని రాశారంటే, ఇక్కడ దిగి ఆ ఊరికి రోడ్డు పట్టుకుని పోవాలని అర్థం. ఇదే మహబూబ్‌నగర్–డోన్ లైనులో కర్నూలుకు ముందు వచ్చే అలంపూర్ రోడ్ కూడా అలాంటిదే. నాగర్‌కర్నూలుకు ఆపాటి ‘రోడ్’ స్టేషనైనా లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా మాచర్లకు లైను వేయమని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ మూడు జిల్లాల్లో రైలు ప్రయాణమంటే చాలామందికి ముందు బస్సు ప్రయాణం, ఆ తర్వాత ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపు.

ఆ ఎదురుచూపులో ఒకసారి ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి వెళ్లి, పట్టాలను కాస్త పరీక్షగా చూడండి. ఎక్కడో ఒకచోట పట్టా తెగి ఉంటుంది. తెగిన రెండు ముక్కల మధ్య పలకలాంటిదేదో ఇరికించి, పక్క నుంచి ఇనుప బద్దలతో, జిగురుతో గట్టిగా బిగించి ఉంటారు. ఆ దగ్గర్లోనే సన్నటి తీగలు పట్టా పక్కకు అతుక్కుని, కంకర కిందుగా ఒక పెట్టెలోకి పోతుంటాయి. ప్రయాణికులు ఎవరూ దాన్ని పట్టించుకోరు. కానీ రాత్రి రెండు గంటలకు మనం బెర్తు మీద నిద్రపోగలుగుతున్నామంటే ఆ తెగిన చోటుకు, ఆ సన్నటి తీగలకు చాలా రుణపడి ఉన్నాం.

స్టేషన్ మాస్టర్ పనిలో అతి కష్టమైన ప్రశ్న ఒకటుంది. ముందున్న దారి ఖాళీగా ఉందా? వనపర్తి రోడ్ నుంచి గద్వాల వైపు పోయే రైలు కృష్ణను దాటి నడిగడ్డలోకి అడుగు పెట్టాలి. మధ్యలో వంపులు, గుట్టలు, రాత్రి చీకటి, శ్రావణంలో ముసురు. తర్వాతి స్టేషన్ దాకా ఏ కన్నూ ఆనదు. పైగా రైలు బస్సులా ఆగదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది కాబట్టి దానికి పట్టు తక్కువ. లోకో పైలట్ అడ్డంకిని కళ్లతో చూసి బ్రేకు వేశాడంటే చాలాసార్లు అప్పటికే ఆలస్యమైపోయినట్టు. రైలు ఆగడానికి పట్టే దూరం అతని చూపు ఆనే దూరం కన్నా ఎక్కువ. అందుకే రైల్వేలో దారి ఖాళీ అన్న సంగతి రైలు కన్నా ముందే రుజువు కావాలి.

ఒకప్పుడు ఈ రుజువు మనిషి కన్ను, మనిషి జ్ఞాపకం. మీటర్ గేజ్ కాలంలో ప్రయాణించిన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు: ఇంజను స్టేషన్ దాటుతుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఉద్యోగి బెత్తపు వలయం ఒకటి పైకెత్తి పట్టుకునేవాడు, డ్రైవరు చెయ్యి చాచి దాన్ని అందుకునేవాడు. ఆ వలయానికి కట్టిన సంచిలో ఒక ఇనుప బంతి. అదే టోకెన్. రెండు స్టేషన్లలోని యంత్రాలకు తీగ సంబంధం ఉండేది. ఒక బంతి బయటికి వచ్చిందంటే అది అటువైపో ఇటువైపో తిరిగి యంత్రంలో పడేదాకా రెండో బంతి రాదు. ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా కాపాడిన గొప్ప ఏర్పాటది.

అయితే బంతి చేరిందంటే ఇంజను చేరిందని మాత్రమే అర్థం. వెనకాల బోగీలన్నీ చేరాయా? మధ్యలో కొక్కెం తెగి నాలుగు బోగీలు గుట్ట మలుపులో నిలిచిపోలేదు కదా? అది తేల్చడానికి స్టేషన్ మాస్టర్ రైలు తోక చూడాలి. చివరి బోగీ వెనక పెద్దగా పసుపు రంగులో కనిపించే ‘ఎక్స్’ గుర్తు, ‘ఎల్‌వీ’ అని రాసిన పలక, రాత్రయితే మినుకుమనే ఎర్రదీపం ఇందుకోసమే. ఎల్‌వీ అంటే లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి బండి. ఆ పలక కనబడితేనే రైలు మొత్తం వచ్చినట్టు. స్టేషన్లో ఆగని రైలు దూసుకుపోతుంటే స్టేషన్ మాస్టర్ పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉండడం మీరు చూసే ఉంటారు. ఆయన చూపు ఇంజను మీద కన్నా తోక మీదే ఎక్కువగా ఉంటుంది.

మరి కన్ను అలసిపోతే? మనసు మరిచిపోతే? 1915 మే 22న స్కాట్లండ్‌లోని క్వింటిన్స్‌హిల్ దగ్గర అదే జరిగింది. ఒక లోకల్ రైలును సిగ్నల్ క్యాబిన్ ముందే, ఎదురు దిశ రైళ్లు వచ్చే లైనులో నిలిపారు. అప్పుడే డ్యూటీ ఎక్కిన సిగ్నల్ ఉద్యోగి ఆ రైల్లోనే వచ్చి దిగాడు. కొద్దిసేపటికే దాని సంగతి మరిచిపోయి, సైనికులతో వస్తున్న రైలుకు దారి ఇచ్చేశాడు. రెండు వందల మందికి పైగా చనిపోయారు. తాను దిగి వచ్చిన రైలును, కిటికీలోంచి కనబడుతున్న రైలును మనిషి మరిచిపోగలడు. ఆ ఉద్యోగిని తిట్టుకోవడం తేలిక. కానీ ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోని వాళ్లు మనలో ఎవరు?

మరుపు లేని కాపలాదారు కోసం వెతుకులాట అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1870లో ఒక ఏర్పాటు చేసి చూపించాడు. రైలు ఫలానా చోటికి రాగానే విద్యుత్ వలయం పూర్తయి సిగ్నల్‌ కదిలేది. అంటే రైలు వస్తే కరెంటు పారుతుంది, లేకపోతే లేదు. ఆలోచన బాగానే ఉంది, మన ఇళ్లలో కాలింగ్ బెల్ పనిచేసేదీ ఇలాగే. కానీ రాబిన్సన్ దాన్ని నడుపుతూ నడుపుతూ అందులోని ప్రాణాంతకమైన లోపాన్ని తానే పట్టుకున్నాడు. బ్యాటరీ అయిపోయిందనుకోండి, తీగ తెగిందనుకోండి. రైలు వచ్చి నిలబడినా కరెంటు పారదు. కరెంటు పారలేదు కాబట్టి దారి ఖాళీ అని సిగ్నల్ చెబుతుంది. కాలింగ్ బెల్ చెడిపోతే చుట్టం గుమ్మంలో నిలబడిపోతాడు, అంతే. ఇక్కడ మాత్రం శవాలు లేస్తాయి.

రాబిన్సన్ మొత్తం ఆలోచనను తిరగేశాడు. రైలు లేనప్పుడు కరెంటు పారాలి, రైలు వస్తే ఆగిపోవాలి. 1872లో దానికి పేటెంటు తీసుకుని, పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర అమర్చాడు. ట్రాక్ సర్క్యూట్ అని ప్రపంచమంతా పిలిచేది దీన్నే. నూట యాభై ఏళ్లు దాటినా ఆ మూల సూత్రంలో మార్పు లేదు. చూడడానికి ఇది చిన్న తిరగేతే గానీ, యంత్రాల భద్రత గురించి మనిషి చేసిన ఆలోచనల్లో అత్యుత్తమమైన వాటిలో ఒకటని నా నమ్మకం. రైలు ఉందని కనిపెట్టడం దీని పని కాదు. రైలు లేదని క్షణక్షణం రుజువు చేస్తూ ఉండడం దీని పని. ఆ రుజువు ఎందుకు ఆగినా సరే, రైలు ఉన్నట్టే లెక్క.

మన జూరాల కాలువను ఊహించుకుంటే ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. తూము దగ్గర నీళ్లు వదిలారు. కాలువ చివర, ఆఖరి మడి దగ్గర ఒక రైతు కూర్చుని ఉన్నాడు. నీళ్లు వస్తున్నంతసేపూ ‘వస్తున్నాయి’ అంటూ ఉండడమే ఆయన పని. కాలువ మధ్యలో ఎక్కడో గండి పడింది. నీళ్లన్నీ ఆ గండిలోంచి పోతాయి, ఆఖరి మడికి చుక్క రాదు. రైతు నోరు ఆగిపోతుంది. గండి ఎక్కడ పడిందో, ఎంత పడిందో ఆయనకు తెలియదు. తూము మూసేసినా, కాలువ తెగినా, ఆయనే నిద్రపోయినా మాట ఆగిపోతుంది. మాట ఆగిందంటే చాలు, మనం జాగ్రత్తపడతాం.

పట్టాల మీద ఈ కథ ఇలా నడుస్తుంది. ఇందాక చూసిన తెగిన చోటు ఒక ముక్కకు సరిహద్దు. దాన్ని ఇన్సులేటెడ్ జాయింట్ అంటారు, జిగురుతో బిగించినదైతే గ్లూడ్ జాయింట్. అలాంటి రెండు సరిహద్దుల మధ్య పట్టాల జంట ఒక కాలువ. ఒక చివర సెల్లు, అంటే తూము. వోల్టేజి చాలా తక్కువ, రెండు వోల్టుల లెడ్ యాసిడ్ సెల్లుతో కూడా నడుస్తుంది. మరో చివర రిలే, అంటే ఆఖరి మడి రైతు. సెల్లులోంచి బయలుదేరిన కరెంటు ఒక పట్టా వెంబడి పోయి, రిలే చుట్టలోంచి తిరిగి, రెండో పట్టా వెంబడి వెనక్కి వస్తుంది. చుట్టలో కరెంటు పారుతున్నంతసేపూ అది అయస్కాంతమై ఒక ఇనుప రేకును పైకి లాగి పట్టుకుంటుంది. రేకు పైన ఉంటే దారి ఖాళీ.

రైలు ఆ ముక్కలోకి అడుగు పెట్టగానే మొదటి జత చక్రాలు, వాటి మధ్యనున్న ఇనుప ఇరుసు కలిసి రెండు పట్టాలనూ కలిపేస్తాయి. ఇదే గండి. మన రైల్వేలో వాడే ట్రాక్ రిలేల్లో ఒక రకానికి చుట్ట నిరోధం 9 ఓమ్‌లు. చక్రాల ఇరుసు నిరోధం దాని ముందు దాదాపు సున్నా. కరెంటుకు అంత సుఖమైన దారి దొరికాక 9 ఓమ్‌ల చుట్టలో పడి ఎందుకు తిరుగుతుంది? రిలేకు అందే వాటా పడిపోతుంది, అయస్కాంతం నీరసిస్తుంది, రేకు జారి కింద పడుతుంది. ఆ ముక్కను కాపలా కాసే సిగ్నల్ ఎర్రబడుతుంది. స్టేషన్ మాస్టర్ ముందున్న ప్యానెల్ మీద ఆ ముక్క గీత ఎర్రగా వెలుగుతుంది. చక్రం మోపడానికీ, ఎరుపు పడడానికీ మధ్య పట్టే సమయం చాలా స్వల్పం.

ఆ రేకు కింద పడడంలో ఒక రహస్యముంది. దాన్ని కిందికి లాగడానికి స్ప్రింగును నమ్ముకోకుండా దాని బరువుకే వదిలేశారు. స్ప్రింగు అలసిపోతుంది, విరుగుతుంది. భూమి ఆకర్షణ అలసిపోదు. ఇంకొకటి, లోహానికి లోహం తగిలేచోట నిప్పురవ్వ లేస్తే రెండూ అతుక్కుపోయి రేకు పైనే నిలిచిపోయే ప్రమాదముంది. అందుకని భద్రతకు వాడే రిలేల్లో లోహానికి ఎదురుగా కార్బన్ ముక్క పెడతారు. కార్బన్ లోహానికి అతుక్కోదు. దీన్ని తయారుచేసిన వాళ్లు ఇది ఎలా పనిచేస్తుందన్నదాని కన్నా, ఎన్ని విధాలుగా చెడిపోవచ్చన్న దాని మీదే ఎక్కువ రాత్రులు గడిపారని ఇలాంటివి చూస్తే తెలుస్తుంది. పక్కపక్క ముక్కల్లో సెల్లు తలకిందులుగా పెట్టడం కూడా ఆ కోవలోదే. ఒక ముక్కలో పాజిటివ్ ఉన్న వైపు పట్టాకు, పక్క ముక్కలో నెగెటివ్ ఇస్తారు. మధ్యలో జాయింటు పాడై రెండు ముక్కలూ కలిసిపోతే పక్కింటి కరెంటు వచ్చి ఈ రిలేను పైకి ఎత్తకూడదు కదా. ఎదురు దిశలో వచ్చిన కరెంటు దాన్ని బలహీనపరుస్తుంది, ఎరుపు పడుతుంది.

కాలువలో గండి ఒక్కటే కాదు, ఊట కూడా ఉంటుంది. పట్టాల కింద స్లీపర్లు, వాటి కింద కంకర. ఎండాకాలంలో పాలమూరు కంకర పొడిగా ఉంటుంది, కరెంటు దాదాపు కారదు. నాలుగు రోజులు ముసురు పడితే కంకరలోని మట్టి తడిసి, ఒక పట్టా నుంచి మరో పట్టాకు సన్నగా కారడం మొదలవుతుంది. ముక్క ఎంత పొడవైతే ఊట అంత ఎక్కువ. స్టేషన్ యార్డుల్లో ఈ నిరోధం కిలోమీటరుకు కనీసం 2 ఓమ్‌లైనా ఉండాలని నియమం. అదే అర కిలోమీటరైతే ఊట దారులు సగమే కాబట్టి నిరోధం 4 ఓమ్‌లవుతుంది. ఈ లెక్క వల్లే మామూలు ట్రాక్ సర్క్యూట్ ఒక్కోటి కొన్ని వందల మీటర్లకు మించి సాగదు. ఊట మరీ పెరిగితే రైలు లేకుండానే రిలే పడిపోతుంది. వానాకాలంలో రైలు ఔటర్ దగ్గర ఊరికే ఆగిపోయిందని మనం విసుక్కుంటాం. ఒక్కోసారి ఆ ఆలస్యానికి కారణం తడిసిన కంకరే. మురికి పట్టిన కంకరను జల్లించి శుభ్రం చేసే పని పట్టా కుదురు కోసమే కాదు, ఈ కరెంటు కోసం కూడా.

పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మెన్‌కు ఇదంతా పుస్తకం చదవకుండానే తెలుసు. గడ్డపారను రెండు పట్టాల మీద అడ్డంగా పడేయకూడదు. పడేస్తే దాని బరువుతో పని లేదు, సర్క్యూట్‌కు అదీ రైలే. ఇంజనీర్లు తిరిగే పుష్ ట్రాలీ సంగతి దీనికి పూర్తిగా తిరగేత. అది వెళ్లినచోటల్లా సిగ్నళ్లు ఎర్రబడకుండా దాని ఇరుసుకూ చక్రాలకూ మధ్య ఇన్సులేషన్ పెడతారు. అంటే ట్రాలీ పట్టాలకు కనబడదు. కనబడదు కాబట్టే దాని వెంట జెండాలు పట్టుకుని నడిచే మనుషులు, ఎటు నుంచి ఏ రైలు వస్తుందో ముందే అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. రైలు పట్టాల మీద యంత్రం కళ్లకు ఆననిది ఏదైనా ఉందంటే దాని బాధ్యత మనిషి మోయాలి.

రిలే అనవసరంగా పడితే ఆలస్యం. రైలుండగానే లేచి నిలబడితే? రైల్వే ఇంజనీర్లను నిద్రపోనివ్వని మాట ఇదే, రాంగ్ సైడ్ ఫెయిల్యూర్ అంటారు. దానికి దారితీసే వాటిలో తుప్పు ఒకటి. వారాల తరబడి రైలు తిరగని లూప్ లైనులో పట్టా మీద తుప్పు పొర కడుతుంది. రెండు వోల్టుల కరెంటుకు ఆ పలచటి పొరను ఛేదించే శక్తి ఉండకపోవచ్చు. చక్రం పట్టా మీద ఉన్నా విద్యుత్తు పరంగా లేనట్టే. రోజూ రైళ్లు తిరిగే పట్టా అద్దంలా మెరుస్తుందే, ఆ మెరుపే ఇక్కడ భద్రత. ఇందుకే ఒక పరీక్ష పెట్టారు: రెండు పట్టాల మధ్య 0.5 ఓమ్ నిరోధాన్ని అడ్డంగా పెట్టి చూడాలి. అప్పుడు కూడా రిలే పడిపోవాలి. పడకపోతే ఆ సర్క్యూట్‌ను నమ్మకూడదు.

ఇంతలో పైన తీగలు వచ్చాయి. గద్వాల లైను ఇటీవలి సంవత్సరాల్లో విద్యుదీకరణ అయింది. ఇంజను పైతీగ నుంచి 25,000 వోల్టుల దగ్గర తీసుకున్న కరెంటు పని ముగించుకుని ఇంటికి పోయేది పట్టాల మీదుగానే. వందల ఆంపియర్లు ఉరకలేస్తున్న చోటే, రెండు వోల్టుల మన సన్నకారు రైతు తన కాలువను తాను కాపాడుకోవాలి. అందుకు ఒక పంపకం చేశారు. ఒక పట్టాను ఇంజను కరెంటు తిరిగిపోవడానికి విడిచిపెట్టి, రెండో పట్టాను మాత్రం ముక్కలుగా విడగొట్టి ట్రాక్ సర్క్యూట్‌కు ఇచ్చారు. సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఇంజను కరెంటు దారి తప్పి రిలేలోకి వచ్చినా అది లేవకుండా, ఒకే దిశలో పారే కరెంటుకే స్పందించేలా రిలేను చేశారు. దీనికి ఒక మూల్యం ఉంది. ట్రాక్ సర్క్యూట్‌కు పట్టా విరగడాన్ని కూడా పట్టుకునే గుణముంది, కాలువ తెగితే నీళ్లు రావు కదా. కానీ ఇంజను కరెంటుకు విడిచిన పట్టాకు చుట్టుపక్కల దారులు చాలా ఉంటాయి. అది విరిగినా కరెంటు మరో దారిన చుట్టూ తిరిగి వచ్చేయవచ్చు. కాబట్టి పట్టా విరిగితే పట్టుకోవడానికి ట్రాక్ సర్క్యూట్ ఉంది లెమ్మని ఎవరూ ధీమాగా ఉండరు. తెల్లవారుజామున సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచే కీమ్యాన్ అందుకే ఇంకా నడుస్తున్నాడు.

స్టేషన్ల మధ్య కిలోమీటర్ల కొద్దీ దూరానికి మరో పద్ధతి వచ్చింది, యాక్సిల్ కౌంటర్. తెలుగులో చెప్పాలంటే ఇరుసుల లెక్క. పట్టాకు ఒక పక్క పంపే తీగచుట్ట, మరో పక్క అందుకునే తీగచుట్ట. రెండింటి మధ్య అయస్కాంత క్షేత్రం ఆడుతుంటుంది. చక్రపు అంచు మధ్యలో దూరగానే ఆ క్షేత్రం చెదురుతుంది. అది ఒక లెక్క. ఇలాంటి జతలు రెండు పక్కపక్కన పెడితే, ఏది ముందు చెదిరిందో చూసి రైలు ఏ దిశలో పోతోందో చెప్పవచ్చు. ఒక స్టేషన్ దగ్గర లోపలికి పోయిన ఇరుసులెన్ని, అవతలి స్టేషన్ దగ్గర బయటికి వచ్చినవెన్ని? 2023 సెప్టెంబరు 24న ఈ దారిలో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ అప్పుడు 8 బోగీలది. బోగీకి నాలుగు ఇరుసుల చొప్పున 32. అదే 24 బోగీల ఎక్స్‌ప్రెస్‌కు ఆరు ఇరుసుల ఇంజను తగిలిస్తే 102. లోపలికి 102 పోయి బయటికి 90 వచ్చాయంటే మూడు బోగీలు దారిలో ఉండిపోయాయన్నమాట. తోక దీపం కోసం కళ్లు చిట్లించిన పనిని ఈ లెక్క చేస్తుంది. వాన పడినా కంకర తడిసినా దీనికి పట్టదు.

కానీ ఒక తేడా మరవకూడదు. ట్రాక్ సర్క్యూట్‌కు జ్ఞాపకంతో పని లేదు, ఈ క్షణం పట్టాల మీద ఏముందో అదే చెబుతుంది. యాక్సిల్ కౌంటర్‌ది పూర్తిగా జ్ఞాపకం మీద ఆధారపడ్డ బతుకు. కరెంటు పోయి లెక్క తప్పిందంటే లోపల ఏముందో దానికి తెలియదు, వెంటనే ‘ఖాళీ కాదు’ అని మొండికేస్తుంది. అప్పుడు దాన్ని మనిషి సున్నాకు తేవాలి. తేవడానికి ముందు దారి నిజంగా ఖాళీయేనని రూఢి చేసుకోవాలి. అంటే మళ్లీ మనిషి కన్ను, మనిషి నిజాయితీ. లెక్కను సున్నాకు తెచ్చే ఆ ఒక్క మీట చుట్టూ ఉన్నన్ని నిబంధనలు, సంతకాలు మరెక్కడా ఉండవు. ఉండాలి కూడా.

పట్టాలకు ఏం తెలియదో కూడా చెప్పుకోవాలి. 1956 సెప్టెంబరు 2న ఇదే లైనులో, జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వరదకు వంతెన కూలి రైలు వాగులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. నాటి రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో తమిళనాడులోని అరియలూరులో మరో వంతెన కూలాక శాస్త్రి పట్టుబట్టి తప్పుకున్నారు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్‌ను మింగిందీ వరదే. కట్ట కొట్టుకుపోయినా పట్టాలు ఒక్కోసారి తెగవు, తోరణంలా గాలిలో వేలాడుతూ ఉండిపోతాయి. తెగని పట్టాలోంచి కరెంటు నిక్షేపంగా పారుతుంది. కింద నేల లేదన్న సంగతి రెండు వోల్టుల సెల్లుకు ఎలా తెలుస్తుంది? వానాకాలంలో వంతెనల దగ్గర రాత్రంతా కాపలా ఉండే మనుషులు చూసేది సర్క్యూట్ చూడలేనిదాన్నే.

2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం మరో రకం. 290 మందికి పైగా పోయారు. లూప్ లైనులో గూడ్సు రైలు నిలబడి ఉంది, అది పట్టాలకు తెలుసు. సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చగా ఉంది, మెయిన్ లైను ఖాళీయే. కానీ రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు మాత్రం లూపు వైపు తిరిగి ఉన్నాయి. వైరింగు మార్పుల్లో జరిగిన పొరపాటువల్ల పాయింట్లు ఎటున్నాయన్న సమాచారమే తప్పుగా అందిందని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. ఇక్కడ పట్టాలు అబద్ధం చెప్పలేదు. పట్టాలు చెప్పిన నిజాన్ని మోసుకుపోయే తీగల్లోనే తేడా వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి ఢీకొంది. 14 మంది మరణించారు. అది ఆటోమేటిక్ సిగ్నళ్లున్న లైను. సిగ్నళ్లు చెడిపోయి ఎరుపు చూపుతున్నాయి. అలాంటప్పుడు ఆగి, రెండు నిమిషాలయ్యాక గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోవాలి. అది పాటించకుండా రెండు సిగ్నళ్లు దాటారని రైల్వే ప్రాథమిక విచారణ చెప్పింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రమాదమే. చెడిపోతే ఎరుపు పడాలన్న రాబిన్సన్ సూత్రం ఇక్కడ తన పని తాను చేసింది. కానీ ఉత్తుత్తి ఎరుపులు ఎక్కువైతే ఎరుపు మీద మనిషికున్న భయం అరిగిపోదా? చెడిపోయినా ఫరవాలేదు, ప్రమాదం లేదు అని సరిపెట్టుకోకూడదు. కంకర శుభ్రం చేయడం, జాయింట్లు మార్చడం, తీగలు చూసుకోవడం లాంటి పనులకు డబ్బూ మనుషులూ తగ్గించారంటే రైళ్లు ఆలస్యమవడంతో అది ఆగదు, ఎరుపు విలువే తగ్గిపోతుంది.

లోకో పైలట్ ఎరుపును దాటబోతుంటే బ్రేకును తానే వేసే ‘కవచ్’ ఈ బెంగకు ఒక జవాబు. దీని పుట్టుకలో మన ప్రాంతానికి పెద్ద వాటా ఉంది. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ లైన్ల మీదే దాన్ని పరీక్షించారు. మొదట సరఫరా చేసిన మూడు సంస్థలు హెచ్‌బీఎల్, మేధా, కెర్నెక్స్ హైదరాబాద్‌వే. దేశంలోని సిగ్నల్ ఇంజనీర్లకు పాఠాలు చెప్పే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపితే, కవచ్ 380 మీటర్ల దూరం ఉండగానే ఆపేసింది. దక్షిణ మధ్య రైల్వేలో మొదట కవచ్ పెట్టిన 1,465 కిలోమీటర్లలో గద్వాల మీదుగా పోయే మన లైను కూడా ఉంది. స్లీపర్ల మధ్య బిగించిన ట్యాగులను ఇంజను చదువుకుంటూ తానెక్కడుందో తెలుసుకుంటుంది. స్టేషన్లోని కవచ్ యంత్రం ముందున్న సంగతులను రేడియోలో చెబుతుంది. ఆ యంత్రానికి దారి ఖాళీయో కాదో చెప్పేదెవరు? మళ్లీ ఆ ట్రాక్ సర్క్యూట్లు, ఆ యాక్సిల్ కౌంటర్లే.

మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా ఈ ఒంటి లైనును రెండు లైన్లు చేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కొత్త పట్టా పడ్డచోటల్లా కొత్త జాయింట్లు, కొత్త తీగలు వస్తాయి. నాగర్‌కర్నూలు పిల్లలు వాటిని చూడాలంటే ఇప్పటికైతే బస్సెక్కి రావాలి. ఈలోగా బడిలోనే ఒక ట్రాక్ సర్క్యూట్ కట్టుకోవచ్చు. అన్నం పొట్లాలకు వాడే అల్యూమినియం కాగితాన్ని మూరెడు పొడవున రెండు పట్టీలుగా కత్తిరించి, చెక్క మీద రెండు వేళ్ల ఎడంతో అంటించండి. ఒక చివర రెండు టార్చి సెల్లులు, వాటికి వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టరు. అది లేకపోతే పట్టీలు కలిసినప్పుడు సెల్లులు వేడెక్కుతాయి. మరో చివర ఎర్ర ఎల్‌ఈడీ. సెల్లుల దిశ సరిగ్గా కుదిరితే దీపం వెలుగుతుంది, అంటే దారి ఖాళీ. ఇప్పుడు ఒక స్టీలు చెంచాను రెండు పట్టీల మీద అడ్డంగా పెట్టండి. దీపం ఆరిపోతుంది. చెంచా తీసి పట్టీని కత్తెరతో కత్తిరించండి, ఆరిపోతుంది. అతికించి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డను రెండు పట్టీల మీద పరవండి, వెలుగు మందగిస్తుంది. అది శ్రావణ మాసపు కంకర.

తర్వాత దీపాన్ని చివరి నుంచి తీసి సెల్లుల పక్కకు తెచ్చి, రెసిస్టరుతో పాటు వరుసలో కలపండి. పట్టీల చివర ఏమీ ఉండకూడదు. ఇది రాబిన్సన్ మొదటి ఏర్పాటు. చెంచా పెట్టగానే దీపం వెలుగుతుంది, తీయగానే ఆరుతుంది. పిల్లలకు మొదటిదాని కన్నా ఇదే నచ్చుతుంది, రైలు వస్తే దీపం వెలగడం సహజంగా తోస్తుంది కాబట్టి. వాళ్లను కాసేపు ఆడుకోనివ్వండి. ఆ తర్వాత చెంచా పట్టీల మీద ఉండగానే, వాళ్లు చూడకుండా ఒక సెల్లు తీసేసి, దారి ఖాళీయేనా అని అడగండి.